పంట ఓడెక్కింది, వంట ఒడ్డునే ఉండిపోయింది

ఎండిన మొక్కజొన్నను నేరుగా మరపట్టించి జావ కాచుకున్నా, రొట్టె కాల్చుకున్నా కడుపు నిండుతుంది, రుచీ బాగుంటుంది. తిన్న రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. నెలల తరబడి దాదాపు అదొక్కటే తింటూ పోతే మాత్రం ఎండ తగిలే చోటల్లా చర్మం ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. మతి తప్పుతుంది. చివరికి ప్రాణమే పోతుంది. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. మొక్కజొన్నను మొదట సాగులోకి తెచ్చిన మెక్సికో, మధ్య అమెరికా ప్రజలు వేల ఏళ్లపాటు అదే గింజ మీద బతికారు, వాళ్లలో ఈ జబ్బు ప్రబలలేదు. తేడా గింజలో లేదు, వండే తీరులో ఉంది.

ఏ పంట ఏ ఖండం నుంచి ఏ ఖండానికి ఎప్పుడు వెళ్లిందో బాణాలు గీసి చూపే పటాలు ఆహార చరిత్రలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వాటిలో విత్తనం ప్రయాణం ఉంటుంది. ఆ విత్తనంతో పాటు దాన్ని తినదగ్గదిగా మార్చే పద్ధతి కూడా వెళ్లిందా లేదా అన్నది ఉండదు. నా దృష్టిలో ముందు అడగాల్సిన ప్రశ్న అదే. కొన్ని పంటల విషయంలో వండే పద్ధతి పంటలో సగం. అది వెంట రాకపోతే చేతికొచ్చింది సగం పంటే.

మొక్కజొన్న నైరుతి మెక్సికోలోని బాల్సాస్ నదీ లోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట టియోసింటే అనే గడ్డి జాతి నుంచి రూపుదిద్దుకుంది. గింజను సున్నపు నీళ్లలో ఉడికించడానికి దొరికిన పాత ఆధారాలు గ్వాటెమాలా దక్షిణ తీరంలో క్రీ.పూ. 1500-1200 నాటివి. అలా ఉడికి నానిన గింజ నిష్టమల్, దాన్ని రుబ్బితే వచ్చే ముద్ద మాసా. పల్చటి రొట్టెలైన టోర్టియాలూ, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలేలూ ఆ మాసాతో చేసేవే. ఉత్తర అమెరికాలో చాలాచోట్ల సున్నానికి బదులు కట్టెల బూడిద వాడారు. అక్కడి ఆదివాసీ తెగల్లో చెరోకీలు గట్టి కలప బూడిదను నీళ్లలో కలిపి ఆ నీళ్లలో గింజ ఉడికించేవారు. హోపీలు ఎడారిలో పెరిగే ఒక ఉప్పుపొదను కాల్చి ఆ బూడిద వాడతారు. నీలం మొక్కజొన్న రంగు దానితో చక్కగా నిలుస్తుంది. సున్నమైనా బూడిదైనా చేసే పని ఒకటే, నీటిని క్షారంగా మార్చడం.

గింజ పైపొట్టును పట్టి ఉంచేది హెమీసెల్యులోజ్. వేడి క్షారంలో అది కరుగుతుంది, పొట్టు ఊడుతుంది. కరిగినదాంట్లో కొంత జిగురుగా మిగిలి పిండికి పట్టు ఇస్తుంది. గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ మొక్కజొన్నలో లేదు, అందుకే మామూలు పిండిని చల్లటి నీళ్లతో కలిపి పల్చగా ఒత్తితే అంచులు పగిలి విరిగిపోతుంది. మాసా అలా విరగదు. మొదట ఈ పద్ధతి పట్టిన ఆడవాళ్లు పోషకాల కోసమే సున్నం వేశారని అనుకోనక్కర్లేదు. పొట్టు సులువుగా పోతుంది, రాతి మీద రుబ్బే చాకిరీ తగ్గుతుంది, రొట్టె నిలుస్తుంది. ఈ మూడూ ఆ రోజే చేతికి తెలిసే లాభాలు. కంటికి కనిపించని లాభం నాలుగోది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్, అంటే బి3, లేకపోలేదు. కాకపోతే అందులో ఎక్కువ భాగం గింజలోని ఇతర పదార్థాలతో బిగుసుకుని ఉంటుంది, మన పేగు దాన్ని విడదీసుకోలేదు. క్షారంలో వేడి చేస్తే ఆ బంధం తెగుతుంది. పైగా గింజలోకి కాల్షియం ఎక్కుతుంది, బూజు వల్ల చేరే ఫ్యుమోనిసిన్ విషాలు తగ్గుతాయి.

ఇది ఇంట్లో చేసుకోగలిగిన పనే. కిలో ఎండు మొక్కజొన్నకు 10 గ్రాముల సున్నం, 3 లీటర్ల నీళ్లు. సున్నం అంటే ఆహారంలో వాడటానికి తయారైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి. గోడలకు వేసేది వద్దు, అందులో ఏమేం కలిశాయో చెప్పలేం. చల్లార్చని సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, అసలే వద్దు. నీళ్లు తగలగానే సలసల మరిగి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పాత్ర స్టీలుది గాని, ఎనామెల్ పూతది గాని ఉండాలి. అల్యూమినియం పాత్రను క్షారం తినేస్తుంది, ఆ లోహం గింజలోకి దిగుతుంది. గింజ కూడా చూసి తెచ్చుకోవాలి. తీపి మొక్కజొన్న దీనికి పనికిరాదు, పిండి శాతం ఎక్కువున్న ముదురు గింజ కావాలి. విత్తనం కోసం అమ్మేదానికి మందు పట్టించి ఉంటుంది కాబట్టి దాని జోలికే పోకూడదు.

గింజలు కడిగి తేలిన పొల్లు తీసెయ్యాలి. సున్నాన్ని కాసిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్లలో పోసి, గింజలు వేసి పొయ్యి మీద పెట్టాలి. తెర్లనివ్వకూడదు. అంచుల్లో చిన్న బుడగలు మాత్రమే లేస్తూ, 85-90 డిగ్రీల దగ్గర 30 నుంచి 40 నిమిషాలు ఉండాలి. పొట్టు ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది, రెండు వేళ్ల మధ్య నలిపితే జారిపోతుంది. అప్పుడు దించి, మూత పెట్టి, 8 నుంచి 12 గంటలు కదపకుండా వదిలెయ్యాలి. ఉడికించడం కన్నా ఈ నానబెట్టడమే ముఖ్యం. సున్నం, నీళ్లు నెమ్మదిగా గింజ లోపలికి చేరేది అప్పుడే. తొందరపడి ఉడకగానే రుబ్బితే పొట్టు ఊడినా లోపల గట్టిగానే ఉంటుంది, ముద్ద ఇసకలా రాలుతుంది. నానిన గింజను అడ్డంగా కోసి చూడండి. నడుమ చిన్న తెల్లటి పచ్చి చుక్క మిగిలి ఉంటే టోర్టియాకు సరిగ్గా సరిపోయింది. ఆ చుక్క కూడా లేకుండా మెత్తబడితే ముద్ద బంకబంకగా వస్తుంది, పెనానికి అంటుకుంటుంది. పొసోలే అనే పులుసుకు మాత్రం గింజ మొత్తం ఉడికి విచ్చుకోవాలి కాబట్టి ఎక్కువ సేపు ఉంచి, పొట్టంతా తీసేసి, మళ్లీ మామూలు నీళ్లలో ఉడికిస్తారు.

గింజ నానిన పసుపు రంగు నీళ్లు పారబోసి, రెండు మూడుసార్లు కడగాలి. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఒక్క పొట్టు కూడా మిగలకూడదని పది సార్లు కడిగితే జిగురంతా కొట్టుకుపోయి ముద్దకు పట్టు పోతుంది. టోర్టియాకు కొంత పొట్టు మిగలడమే మంచిది. అసలు కడగకపోతే సున్నం చేదు, సబ్బు వాసన నాలుక మీద నిలుస్తాయి. సున్నం మరీ ఎక్కువైనా అంతే, తెల్ల మొక్కజొన్న కూడా పచ్చగా మారి చేదెక్కుతుంది. తక్కువైతే పొట్టు ఊడదు, రొట్టె మడత పెడితే విరుగుతుంది. రుబ్బేటప్పుడు నీళ్లు చెంచా చెంచాగానే పొయ్యాలి. ముద్దను చిన్న ఉండ చేసి వేలితో నొక్కితే అంచు పగిలిందంటే నీళ్లు చాలలేదు, చేతికి అంటిందంటే ఎక్కువయ్యాయి. దుకాణంలో మొక్కజొన్న పిండి కొనేవాళ్లు పొట్లం మీద పదార్థాల జాబితా చదవాలి. సున్నం లేదా కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంటే అది మాసా పిండి. ఒట్టి మొక్కజొన్న అనే ఉంటే దానితో ఎన్నిసార్లు కలిపినా టోర్టియా రాదు.

1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాత గింజ అట్లాంటిక్ దాటింది. స్పెయిన్, పోర్చుగల్, ఉత్తర ఇటలీ, బాల్కన్ దేశాలు, ఆఫ్రికా తీరాలు, ఎక్కడ వేసినా పండింది. ఐరోపాలో అప్పటికే గోధుమను, ఇతర ధాన్యాలను విసిరే నీటి మరలు, గాలి మరలు ఉన్నాయి. ఎండు గింజను ఆ రాళ్ల మధ్య వేస్తే పిండి పడింది. రాతి మీద చేత్తో రుబ్బేవాళ్లకు సున్నం ఆదా చేసిన శ్రమ ఇక్కడ మర ఆదా చేసింది కాబట్టి, సున్నం అవసరం ఎవరికీ తోచలేదు. నాలుగో లాభం గురించి మెక్సికోలోనూ ఎవరూ పేరు పెట్టి చెప్పి ఉండరు, ఇక కొత్తవాళ్లకు ఎలా తెలుస్తుంది?

1735లో స్పెయిన్‌లోని ఆస్తూరియస్ ప్రాంతంలో గాస్పర్ కాసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక కొత్త జబ్బును గుర్తించాడు. మెడ చుట్టూ హారంలా పొలుసులు లేచే ఆ మచ్చను ఇప్పటికీ కాసాల్ హారమనే వ్యవహరిస్తారు. రోగులు ప్రధానంగా మొక్కజొన్న తింటారనీ, మాంసం వాళ్లకు అరుదనీ ఆయన అప్పుడే రాసిపెట్టాడు. ఆ రాత ఆయన చనిపోయాక, 1762లో అచ్చయింది. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపొలి జబ్బుకు పెల్లాగ్రా అన్న పేరును గ్రంథస్థం చేశాడు. అక్కడ పొలెంటా, అంటే మొక్కజొన్న సంకటి, తప్ప వేరే తిండి దొరకని కూలీలే దీని బారిన పడ్డారు. కారణం మాత్రం ఇంకో నూటయాభై ఏళ్లకు పైగా తేలలేదు. బూజు పట్టిన మొక్కజొన్న విషమని కొందరు, అంటువ్యాధి అని కొందరు వాదించుకున్నారు.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది విరుచుకుపడింది. పత్తి తప్ప వేరే పంట వెయ్యని కౌలు రైతులు, నూలు మిల్లుల కార్మికులు మొక్కజొన్న పిండి, చెరకు మడ్డి, కొవ్వు పంది మాంసం మీద బతికేవారు. కొత్త మిల్లులు పిండి నిలవ ఉండాలని గింజలోని మొలక భాగం తీసేయడంతో ఉన్న కాస్త పోషకమూ తగ్గింది. 1906 నుంచి 1940 దాకా సుమారు 30 లక్షల మందికి జబ్బు చేసింది, లక్ష మంది దాకా చనిపోయారు. 1914లో ప్రభుత్వం పంపిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మానసిక చికిత్సాలయాల్లో, అనాథాశ్రమాల్లో ఒకే సంగతి గమనించాడు. లోపలి వాళ్లకు జబ్బు వస్తోంది, వాళ్లను కనిపెట్టుకుని ఉండే సిబ్బందికి రావడం లేదు. అంటువ్యాధి అయితే అలా జరగదు. ఆయన తిండిలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు చేర్చగానే జబ్బు మాయమైంది. 1915లో మిసిసిపీలోని ఒక జైలు వ్యవసాయ క్షేత్రంలో, విడుదల చేస్తామన్న మాట మీద ఒప్పుకున్న ఖైదీలకు మొక్కజొన్న, తెల్ల బియ్యం, మైదా, చక్కెరల తిండి పెట్టి చూశాడు. చివరిదాకా ఉన్న 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. అయినా నమ్మనివాళ్ల కోసం 1916లో తానూ, భార్య మేరీ, మరికొందరు తోటివాళ్లూ రోగుల రక్తాన్ని ఎక్కించుకున్నారు, గోల్డ్‌బర్గర్, ఇంకొందరు రోగుల చర్మపు పొలుసులను మాత్రల్లో కలిపి మింగారు కూడా. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఖైదీల మీద ప్రయోగం ఈ రోజు ఏ నీతి సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. తన ఒంటి మీద చేసుకున్న ప్రయోగం ముందు మాత్రం తల వంచాల్సిందే. 1929లో ఆయన పోయేనాటికి ఈస్ట్‌తో జబ్బు నయమవుతుందని తేలింది గాని, అందులో ఏ పదార్థం వల్లో తేలలేదు. 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వెహెమ్ అది నియాసిన్ అని చూపించాడు.

సున్నం ఒక్కటే మెక్సికోను కాపాడిందనడం కూడా సగం మాటే. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి సొంతంగా నియాసిన్ తయారుచేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము వస్తుంది. మొక్కజొన్న మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ చాలా తక్కువ. అక్కడి పొలంలో మొక్కజొన్న కాడకు చిక్కుడు తీగ పాకించేవారు, కింద గుమ్మడి పాదు వేసేవారు. కంచంలోనూ అవి కలిసే వచ్చేవి. చిక్కుడు గింజ ఆ లోటు పూడ్చింది. ఐరోపా పేద రైతుకు సున్నమూ లేదు, చాలాచోట్ల పక్కన చిక్కుడూ లేదు.

కర్రపెండలం కథ దీనికన్నా కఠినం, ఎందుకంటే అందులో ఉన్నది లోపం కాదు, విషం. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ దుంప చేదు రకాల్లో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము అదే దుంపలో వేరే చోట, కణాల గోడల్లో ఉంటుంది. కణం చితికితే రెండూ కలుస్తాయి, కలిసిన చోట చివరికి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అది 26 డిగ్రీలకే ఆవిరైపోతుంది. కాబట్టి విరుగుడు సూత్రం, విషం దుంపలో దాగి ఉండగా తినకుండా, ముందే పుట్టించి పంపించెయ్యడం. అందుకు దుంపను చితకాలి. పెద్ద ముక్కలుగా కోసి మరిగే నీళ్లలో వేస్తే జరిగేది సరిగ్గా తలకిందులు: వేడికి ఎంజైము చచ్చిపోతుంది, లినమరిన్ చెక్కుచెదరకుండా ముక్కలోనే మిగులుతుంది. చూడటానికి చక్కగా ఉడికిన దుంపలాగే ఉంటుంది. చేదు రకాన్ని కోసి ఉడికిస్తే చాలనుకోవడం అందుకే ప్రమాదం.

అమెజాన్ ప్రజల పద్ధతి ఈ రసాయనానికి అచ్చంగా సరిపోతుంది. తొక్క తీసి, రాతి ముక్కలు పొదిగిన చెక్క మీద సన్నగా తురుముతారు. తురుమును టిపిటి అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి, ఒక కొస పైన కట్టి, రెండో కొసను బరువుతో కిందికి లాగుతారు. గొట్టం సాగిన కొద్దీ సన్నబడి లోపలిది పిండుకుపోతుంది, రసం కారిపోతుంది. మిగిలిన పిప్పిని జల్లించి, వెడల్పాటి పెనం మీద రొట్టెగా గాని, కలియబెడుతూ పొడిగా గాని వేయిస్తారు. రసాన్నీ పారబొయ్యరు. అడుగున పేరిన గంజిపిండి తీసుకుని, పైతేటను గంటల తరబడి మరిగించి టుకుపి అనే పులుసు చేస్తారు. ఆ తేటను మరిగించకుండా తాగితే ప్రాణాపాయం.

పోర్చుగీసు ఓడల మీద 16వ శతాబ్దంలో దుంప ఆఫ్రికా చేరింది. ఇక్కడ సంగతి పూర్తిగా మొక్కజొన్న లాంటిది కాదు. ఆఫ్రికా ప్రజలు తమవైన పద్ధతులు తయారుచేసుకున్నారు. పశ్చిమాన తురుమును సంచుల్లో నింపి, రాళ్లు పెట్టి, రెండు మూడు రోజులు పులియబెట్టి, వేయించి గారి అనే పొడి చేశారు. కాంగో లోయలో తొక్క తీసిన దుంపలను మూడు నాలుగు రోజులు నీళ్లలో ఊరేస్తారు. సూక్ష్మజీవులు కణాలను మెత్తబరుస్తాయి, దుంప వేలికి చితుకుతుంది, అప్పుడు ఎండబెట్టి దంచుతారు. పద్ధతి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కరువు వచ్చో, యుద్ధం వచ్చో, పట్నం లారీకి తొందరగా అందించాల్సి వచ్చో మూడు రోజుల ఊరవేత ఒక్కరోజుకు తగ్గినప్పుడు జబ్బు వచ్చింది. దాని పేరు కొంజో. ఒక్కసారిగా రెండు కాళ్లూ బిగుసుకుపోతాయి, ఇక తిరిగి రావు. ఎక్కువగా పిల్లలు, పిల్లల్ని కనే వయసు స్త్రీలు దీని పాలవుతారు. 1930లలో బెల్జియన్ కాంగోలో దీన్ని వైద్యులు నమోదు చేశారు. 1981 కరువులో మొజాంబిక్‌లోని నంపూలా ప్రాంతంలో వెయ్యి మందికి పైగా కాళ్లు ఇలా బిగుసుకుపోయాయి. శరీరం సయనైడును విరిచెయ్యడానికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి, అవి చేపలు, మాంసం, పప్పుల నుంచి వస్తాయి. కరువులో ముందు కంచంలోంచి పోయేవి అవే.

అప్పటికే చేసి పెట్టుకున్న పిండిలో విషం మిగిలి ఉంటే దానికీ ఒక సులువైన విరుగుడుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు రూపొందించి కాంగో గ్రామాల్లో నేర్పారు. పిండిని నీళ్లతో తడిపి, చాప మీద వేలి మందానికి మించకుండా పరిచి, ఎండలో రెండు గంటలు లేదా నీడలో ఐదు గంటలు ఉంచాలి. మిగిలిన లినమరిన్ విరిగి సయనైడ్ గాలిలో కలిసిపోతుంది. ఆ రోజే వండెయ్యాలి, తడి పిండి దాచకూడదు. మందంగా పరిస్తే అడుగున ఉన్నది అలాగే ఉంటుంది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల బంగాళాదుంప విషయంలో మాత్రం సముద్రం దాటింది తక్కువ చేదున్న రకాలే, కనక వెంట పద్ధతి రాకపోయినా నడిచింది. మంచును తట్టుకునే చేదు రకాలు కొండల మీదే ఉండిపోయాయి. సుమారు 3,800 మీటర్ల ఎత్తున జూన్, జూలై రాత్రుల్లో దుంపలను నేల మీద ఒక్క వరసగా పరిచి గడ్డకట్టనిస్తారు, పగలు కరగనిస్తారు. కొన్ని రాత్రుల తర్వాత కాళ్లతో తొక్కి నీళ్లు, తొక్క పోగొట్టి ఎండబెడతారు. అది నల్ల చూన్యో. తెల్ల రకానికి గడ్డకట్టిన దుంపలను వారాల తరబడి పారే నీళ్లలో ఉంచాకే ఎండబెడతారు. చేదు ఆల్కలాయిడ్లు, అంటే దుంపలోని విష పదార్థాలు, ఆ నీళ్లతో పోతాయి. ఏళ్ల తరబడి నిలవుండే ఈ ఎండు దుంపతోనే ఆ కొండల్ని ఏలిన ఇంకాల గిడ్డంగులు నిండేవి, తర్వాత స్పెయిన్ పాలనలో అక్కడి పొతోసీ వెండి గనుల కూలీలు తిన్నదీ ఇదే. ఉడికిస్తే ఈ ఆల్కలాయిడ్లు పోవు. ఇప్పుడు మనం కొనే దుంప ఎండ తగిలి పచ్చబడితే వండి సరిపెట్టుకోకుండా పారెయ్యమనడం అందుకే.

ఇదంతా గడిచిన శతాబ్దాల సంగతి అనుకోవడానికి లేదు. 1990లో మలావీలో తలదాచుకున్న మొజాంబిక్ శరణార్థుల్లో 18 వేల మంది దాకా పెల్లాగ్రా బారిన పడ్డారు. వాళ్లకు అందుతున్నది మొక్కజొన్న, సున్నం తగలనిది. అప్పటిదాకా రేషన్లో దానితో పాటు వేరుశనగ వచ్చేది, నియాసిన్ వాళ్లకు ఎక్కువగా దానిలోంచే అందేది. ఆ వేరుశనగ సరఫరా నెలల తరబడి ఆగిపోయింది. జబ్బుకు కారణం తేలి అప్పటికి 53 ఏళ్లు. లెక్క చూసినవాళ్లకు కెలోరీలు సరిపోయాయి, గింజ సరిపోయింది. పక్కన ఏది ఉండాలో, ఏ నీళ్లలో ఉడకాలో మాత్రం ఆ లెక్కలో లేదు.